బొటనవేలి బొమ్మ చూసి పడుగు పెట్టించిన కథ

పోయినేడు దసరాకు నెల ముందు నేను చేసిన తెలివితక్కువ పని గురించి రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నా. పరువు పోతుందని ఆగాను. మొన్న వరంగల్ కొత్తవాడలోనే ఇంకొకాయన అచ్చంగా అదే గుంటలో పడ్డాడని తెలిసింది, ఇక దాచుకుని లాభం లేదు.

మాది హనుమకొండ. కొత్తవాడ మగ్గాల మీద నేసిన జంపఖానాలు, బయటివాళ్లు దర్రీలు అంటారు, మా నాయనమ్మ షత్రంజీలు అనేది, వాటిని ఫోన్ మీద అమ్ముతాను. షాపు లేదు. ఒక ఇన్‌స్టాగ్రామ్ పేజీ, ఒక వాట్సాప్ నంబరు, ఇంటి ముందు గదిలో పేర్చిన సరుకు, అంతే. 2018లో వరంగల్ దర్రీలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, ఆ ముక్క చెప్తే బయటి రాష్ట్రం వాళ్లు బేరం కొంచెం తక్కువ ఆడతారు.

వేరే రాష్ట్రం నుంచి ఒకాయన మెసేజ్ పెట్టాడు. హోటళ్లకు, రిసార్టులకు ఇంటీరియర్ పని చేయిస్తానన్నాడు. 4 అడుగులకు 6 అడుగులు, 40 జంపఖానాలు, ఆవపువ్వు పసుపు మీద బూడిద రంగు చారలు. ఆ రంగు మా దగ్గర మామూలుగా నడవదు, ఇక్కడి జనం ఎరుపు, నీలం, ఆకుపచ్చ అడుగుతారు, ఈ బూడిద రంగు చూసి మా అమ్మ అయితే "గిదేంది, నేసినంక కడుగుడు మర్చిపోయిండ్రా" అంది. ఒక్కోటి 1,400 రూపాయలు అనుకున్నాం. రేటు వాట్సాప్‌లో రాశాను, మిగతావన్నీ, అంటే ఎప్పటికి కావాలి, అడ్వాన్స్ ఎంత, లారీ కిరాయి ఎవరిది, అన్నీ ఫోన్లోనే మాట్లాడుకున్నాం. "అడ్వాన్స్ మంగళవారం వేస్తా, మీరు మొదలుపెట్టండి, పక్కా" అన్నాడు. నేను "మొదలుపెట్టమంటారా?" అని మెసేజ్ పెడితే బొటనవేలు పైకి లేపిన బొమ్మ వచ్చింది.

అంతే, నేను బండేసుకుని కొత్తవాడ పోయాను. నూలుకు రంగు వేయించాను. మాకు నేసిచ్చే కాకా మగ్గం మీద పడుగు, అంటే నిలువు దారాలు, పెట్టాడు.

మంగళవారం పోయింది, ఇంకో మంగళవారం వచ్చింది, డబ్బు రాలేదు. "బ్యాంకులో చిన్న ప్రాబ్లం" అన్నాడు. అప్పటికి 17 నేసి దింపారు. అప్పుడొచ్చింది మెసేజ్, క్లయింట్ మనసు మార్చుకున్నాడు, సారీ బ్రదర్, నెక్స్ట్ టైమ్ తప్పకుండా అని. ఫోన్ చేస్తే ఎత్తలేదు. మర్నాటి నుంచి ఆయన డీపీ కూడా కనపడలేదు, అంటే నన్ను బ్లాక్ చేశాడన్నమాట.

ఇక్కడ మా బాపు గురించి చెప్పాలి. ఆయన వరంగల్ ఏనుమాముల మార్కెట్లో ఒక అడ్తి (కమీషన్) దుకాణంలో గుమస్తాగా చేసి మానేశాడు. జీవితమంతా మిర్చి బస్తాలు, పత్తి బస్తాలు, లెక్కలు. నా గోడు అంతా విని ఆయన అడిగింది ఒకటే మాట. "తక్‌పట్టీ ఏది రా?"

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. మార్కెట్‌కు రైతు సరుకు తెస్తే ఖరీదుదారు రేటు కడతాడు, తూకం వేసే దడ్వాయి కాంటా పెడతాడు, అప్పుడు రైతు పేరు, బస్తాలు, తూకం, రేటు, కోతలు అన్నీ రాసి ఇచ్చే కాగితమే తక్‌పట్టీ. అది చేతిలో ఉంటే రైతు రేపు వచ్చి నా డబ్బులేవి అని గల్లా పట్టుకుని అడగొచ్చు. అది లేకుండా తెల్లచీటీ మీద ఏదో గీకి ఇస్తే ఆ రైతు ఎవరినీ ఏమీ అడగలేడు. మా బాపు దృష్టిలో నేను డిగ్రీ చదివి, స్మార్ట్‌ఫోన్ పట్టుకుని, తెల్లచీటీ మీద వ్యాపారం చేసే మనిషిని. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

సుబేదారిలో నాతో చదువుకున్న దోస్తు ఒకడు వకీలు. వాడి దగ్గరికి పోయి "కాగితం మీద సంతకం లేదు కదా, మనం చేసేదేమీ లేదు కదా" అన్నాను. వాడు నవ్వి, అసలు సంగతి నీకు తెల్వది రా, సంతకం లేకపోవడం సమస్యే కాదు అన్నాడు. వాడు చెప్పిందే నాకు వచ్చిన మాటల్లో రాస్తున్నా, చట్టం భాష అడక్కండి.

మన ఒప్పందాల చట్టం 1872 నాటిది. అప్పట్లో వాట్సాప్ కాదు కదా టెలిఫోనే లేదు. అయినా ఆ చట్టం ఎక్కడా ప్రతి ఒప్పందం కాగితం మీద ఉండాలని అనలేదు. ఒకరు ఇస్తానన్నారు, ఇంకొకరు సరేనన్నారు, మధ్యలో ఒక ధర ఉంది, ఇద్దరికీ 18 ఏళ్లు నిండాయి, ఇద్దరూ బుద్ధి తెలిసి బలవంతం లేకుండా ఒప్పుకున్నారు, చేసే పని చట్టవిరుద్ధం కాదు, ఇవి ఉంటే చాలావరకు అది ఒప్పందమే. నోటి మాట కూడా ఒప్పందమే. పొద్దున్నే బండి మీద ఇడ్లీ తినడం కూడా ఒప్పందమే, డబ్బులివ్వకుండా పోతే ఆయన ఊరుకోడు.

టెలిఫోన్ వచ్చాక ఒక తమాషా కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. అది పత్తిగింజల చెక్క బేరం, అంటే మన వరంగల్ మార్కెట్ వాసన వచ్చే కేసే. 1959లో అహ్మదాబాద్ వ్యాపారికి, మహారాష్ట్రలోని ఖామ్‌గావ్ మిల్లు వాళ్లకు ట్రంకాల్ మీద మాట కుదిరింది. మాట తప్పారని అహ్మదాబాద్‌లో కేసు వేస్తే, ఒప్పందం జరిగింది మా ఊళ్లో, కేసు అక్కడ చెల్లదు అని అవతలివాళ్లు వాదించారు. ఫోన్లో అయితే "సరే" అన్న మాట ఎక్కడ వినపడిందో అక్కడే ఒప్పందం కుదిరినట్టు అని కోర్టులో ఎక్కువమంది జడ్జిలు తేల్చారు, ఒక జడ్జి మాత్రం ఒప్పుకోలేదు. అంటే ఆ లెక్కన అవతలాయన "పక్కా" అన్నది నా చెవికి హనుమకొండలో వినపడింది, ఒప్పందం హనుమకొండలో పుట్టింది. ఈ మాట విన్నప్పుడు నాకు ఎంత ఆనందమేసిందో. ఐదు నిమిషాలే.

2000లో సమాచార సాంకేతిక చట్టం వచ్చింది. దానికి తర్వాత చేసిన సవరణలో 10ఏ అనే సెక్షన్ చేర్చారు, 2009 నుంచి అమల్లో ఉంది. కంప్యూటర్ల మీద, ఫోన్ల మీద కుదిరిన ఒప్పందాన్ని, అలా కుదిరిందన్న ఒక్క కారణంతో చెల్లదనడానికి వీల్లేదు, ఆ సెక్షన్ చెప్పేది అదే. 2010లో సుప్రీంకోర్టు బాక్సైట్ ఓడల కేసులో ఈమెయిళ్ల మీద బేరం కుదిరితే చాలని, పెద్ద కాగితం తర్వాత రాసుకుందాం అనుకుని రాసుకోకపోయినా ఒప్పందం పోదని చెప్పింది. అన్నిటికీ ఇది పనికిరాదు, వీలునామా మాత్రం ఇప్పటికీ మామూలుగా కాగితం మీదే రాయాలి, ఫోన్లో రాసిన వీలునామా చెల్లదు. మా మేనమామకు ఈ విషయం చెప్పాలి, ఆయన ఎవరికి ఏ గుంట భూమి ఇస్తాడో ఫ్యామిలీ గ్రూపులో వాయిస్ మెసేజ్‌లు పెడుతుంటాడు.

మరి బొటనవేలి బొమ్మ సంగతి? దాని మీద మన సుప్రీంకోర్టు తీర్పు ఏదీ వాడు చూపించలేదు గానీ కెనడా కేసు ఒకటి చెప్పాడు. సస్కాచెవాన్ అనే రాష్ట్రంలో ఒక రైతు అవిసెలు అమ్మే ఒప్పందం. కొనేవాళ్లు కాగితం ఫొటో తీసి ఫోన్‌కు పంపి ఒప్పుకుంటున్నట్టు చెప్పమన్నారు, రైతు బొటనవేలి బొమ్మ పెట్టాడు. రేటు పెరిగాక సరుకు ఇవ్వలేదు. కాగితం అందిందని పెట్టాను గానీ ఒప్పుకుంటున్నా అని కాదు అన్నాడు. 2023లో అక్కడి కోర్టు కుదరదంది, ఆ రైతు అంతకుముందు కూడా ఇలాగే ఫోన్లో "ఓకే" అని పొట్టి జవాబులు పెట్టి సరుకు ఇచ్చిన అలవాటు ఉంది కాబట్టి ఈ బొమ్మ కూడా ఒప్పుకోలే అంది, దాదాపు 82,000 కెనడా డాలర్లు కట్టమంది. ఆ తీర్పు ఇక్కడ మనల్ని కట్టేయదు. అయినా అందులో నాకు నచ్చింది ఏంటంటే, బొమ్మకు అర్థం బొమ్మలో లేదు, ఆ ఇద్దరి పాత లావాదేవీల్లో ఉంది. నాకూ ఆ ఇంటీరియర్ ఆయనకూ పాత లావాదేవీ ఒక్కటీ లేదు.

సరే, ఒప్పందం ఉంది, ఊరు మనదే, నష్టపరిహారం అడగడానికి అదే 1872 చట్టంలో 73వ సెక్షన్ ఉంది. ఇంకేం కావాలి? అప్పుడు దోస్తు చెయ్యి చాపి నా ఫోన్ అడిగాడు, "చూపియ్, ఏం ఒప్పుకున్నడో."

చాట్ తెరిచాను. ఖాళీ.

మెసేజ్‌లు వాటంతట అవే మాయమైపోయే సెట్టింగ్ ఒకటి వాట్సాప్‌లో ఉంటుంది, 24 గంటలకో, 7 రోజులకో, 90 రోజులకో పెట్టుకోవచ్చు. ఇద్దరిలో ఎవరు పెట్టినా ఇద్దరి దగ్గరా పోతాయి. ఆయన మొదటి రోజే 7 రోజులకు పెట్టాడు. పెట్టినప్పుడు చాట్ మధ్యలో బూడిద రంగులో చిన్న లైను కూడా వచ్చే ఉంటుంది, నేను చూసుకోలేదు, చూసినా ఏదో అప్‌డేట్ అనుకునేవాణ్ని. నా దగ్గర మిగిలింది కాకాకు రంగులు చూపించడానికి తీసిన ఒక స్క్రీన్‌షాట్. అందులో రంగు ఉంది, రేటు ఉంది. ఎన్ని అన్నది లేదు, తేదీ లేదు, బొటనవేలు లేదు.

స్క్రీన్‌షాట్ ఉంటే సరిపోదా అని అడిగాను. కోర్టులో అది అంత తేలిక కాదట. 2024 జూలై 1 నుంచి పాత సాక్ష్యాల చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చింది, అందులో 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ సాక్ష్యం గురించి. ఫోన్లోని దాన్ని ప్రింటు తీసో, వేరే దాంట్లోకి ఎక్కించో ఇస్తే దానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఒక భాగం ఆ ఫోన్ మనిషి నింపాలి, ఏ ఫోను, ఎప్పుడు, ఎలా తీశాం అని. ఇంకో భాగం నిపుణుడు నింపాలి. హ్యాష్ విలువ కూడా రాయాలి. హ్యాష్ అంటే ఫైలుకు వేలిముద్ర లాంటి పొడుగాటి సంఖ్య, ఫైల్లో ఒక్క అక్షరం మారినా సంఖ్య మొత్తం మారిపోతుంది, కాబట్టి తర్వాత ఎవరైనా గెలికితే తెలిసిపోతుంది. సర్టిఫికెట్ పెట్టాల్సిందేనని పాత చట్టం కింద 2020లోనే సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. అసలు ఫోనే తీసుకెళ్లి కోర్టులో పెడితే అది వేరే దారి. కానీ నా అసలు ఫోన్లోనూ ఏమీ లేదు కదా, ఖాళీ ఫోన్ తీసుకెళ్లి ఏం పెట్టను?

కాల్ రికార్డులు, సాక్షులు, కాకా వాంగ్మూలం అంటూ దోస్తు ఇంకా ఏవో దారులు చెప్పాడు గానీ చివరికి వాడే అన్నాడు, "నీ నష్టమెంత, నువ్వు తిరిగే తిరుగుడెంత" అని. లెక్కేసుకున్నాం. నేసిన 17 జంపఖానాలను ఒక ఎగ్జిబిషన్‌లో 900 చొప్పున వదిలించుకున్నా, అక్కడ 8,500 పోయింది. రంగు వేసిన నూలు ఇంకో 9,000 రూపాయలది గోనెసంచుల్లో మూలుగుతోంది. కాకా కూలి మాత్రం పూర్తిగా ఇచ్చేశా, ఆయనేం తప్పు చేశాడు? మొత్తం 17,500. పక్కన పడేసి ఏడుస్తూ కూర్చోకుండా వచ్చిన రేటుకు అమ్ముకోవడం మంచిదే అయిందట, నష్టాన్ని తగ్గించుకునే దారి ఉండీ తగ్గించుకోకపోతే ఆ మేరకు కోర్టు ఇవ్వదట. అనుకోకుండా చట్టం ప్రకారం నేను చేసిన ఒకే ఒక్క పని అది.

కేసు వేయలేదు.

ఇంతవరకూ చదివి అయ్యో పాపం అనుకుంటున్నవాళ్లు ఆగండి, ఇంకో సంగతుంది. అదే రోజు నా దోస్తు నా ఇన్‌స్టాగ్రామ్ పేజీ తెరిచి చూశాడు. పైనే పెద్ద అక్షరాలతో "నో రిటర్న్, నో ఎక్స్ఛేంజ్" అని ఉంది. నలుగురూ పెట్టుకుంటారు కదా అని నేనూ పెట్టుకున్నా. "బిల్లు ఇస్తవా?" అని అడిగాడు. అడిగినవాళ్లకు ఇస్తా అన్నాను. వాడు కుర్చీలో వెనక్కి వాలి నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. లోపం ఉన్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం కూడా అంతే, బిల్లు మీద గడువు రాసి ఉంటే ఆ గడువులోపల, రాయకపోతే 30 రోజుల లోపల తీసుకోవాలి. "నో రిటర్న్" బోర్డు పెట్టినంత మాత్రాన అది పోదు. రంగు నచ్చలేదు, మా ఆయన తిట్టాడు అంటే వేరే సంగతి. చిరుగు ఉంటే, చెప్పిన సైజు లేకపోతే నేను తప్పించుకోలేను. 2020 జూలైలో ఆన్‌లైన్ వ్యాపారాలకు విడిగా నియమాలు కూడా వచ్చాయి, సరుకు లోపంగా ఉన్నా, పేజీలో చెప్పినట్టు లేకపోయినా అమ్మినవాడు వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదు అని అందులోనూ ఉంది. కొనేవాడి తరఫున ముందే టిక్కు పెట్టి ఉంచకూడదు, ఒప్పుకోలు అతను స్వయంగా చెప్పాలి అని కూడా ఉంది. అంటే అవతలాయన నాకు ఇవ్వని కాగితం కోసం నేను ఏడుస్తున్నా గానీ, నా దగ్గర కొన్నవాళ్లకు నేనూ ఇవ్వలేదు. ములుగు నుంచి ఒక టీచరమ్మ అంచు ఊడిందని ఫొటో పెడితే, "మేడం, పేజీలో రాసి ఉంది కదా" అని జవాబిచ్చిన మనిషిని నేను. ఆమె ఏమీ అనలేదు, అలా అనని వాళ్ల మీదే కదా మన లాంటివాళ్ల వ్యాపారం నడిచేది. తర్వాత ఆమెకు కొత్తది పంపాను, పంపినందుకు నన్ను మెచ్చుకోనక్కర్లేదు, మూడు నెలలు ఆలస్యంగా పంపాను.

కొనేవాళ్ల వైపు నుంచి చూస్తే చట్టం మనం అనుకున్నంత బలహీనంగా లేదు, అది మా బావ మోటారు విషయంలో చూశాను. నర్సంపేట దగ్గర ఆయనకు మిరప తోట ఉంది. ఆన్‌లైన్‌లో 5 హెచ్‌పీ మోటారు ఆర్డర్ పెడితే పెట్టెలో 3 హెచ్‌పీది వచ్చింది. పెట్టె మీద 5 అనే ఉంది, మోటారు మీది ప్లేటు మీద మాత్రం 3. ఆయన పది రోజుల తర్వాత మేస్త్రీ వస్తే గానీ పెట్టె విప్పలేదు. రిటర్న్ గడువు 7 రోజులే, అయిపోయింది అన్నారు. అమ్మిన కంపెనీని అడిగితే యాప్ వాళ్లను అడగమన్నారు, యాప్ వాళ్లు మేం మధ్యవర్తులం మాత్రమే అన్నారు. నాకు అప్పటికే దెబ్బ తగిలి కొంచెం తెలివొచ్చింది కాబట్టి ఫోన్లో అరవడం మానేసి అన్నీ రాతలో పెట్టించాను. ప్రతి ఈ-కామర్స్ సంస్థకూ ఫిర్యాదులు చూసే అధికారి ఉండాలి, ఆయన పేరు, నంబరు పేజీలో పెట్టాలి, ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. ఆయనకు ఒక మెయిల్, మోటారు ప్లేటు ఫొటో, పెట్టె ఫొటో, ఆర్డర్ పేజీ కాపీ. ఆ వెంటనే 1915కి ఫోన్, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. మూడో వారంలో మోటారు మార్చి ఇచ్చారు, వట్టిగా ఇవ్వలేదు, "గుడ్‌విల్ జెస్చర్" అని మెయిల్లో రాసి మరీ ఇచ్చారు. ఇవ్వాల్సింది ఇచ్చి దానం చేసినట్టు మాట్లాడటం అంటే ఇదే.

ఇవ్వకపోయి ఉంటే వినియోగదారుల కమిషన్‌కు పోదామనుకున్నాం. దాని గురించి జనానికి తెలియని విషయం ఏంటంటే, యాప్ షరతుల్లో "వివాదాలన్నీ ఫలానా మహానగరం కోర్టుల్లోనే" అని రాసి ఉంటుంది, అది చూసి మనం చేతులెత్తేస్తాం. 2019 చట్టం ప్రకారం కొన్నవాడు తను ఉంటున్న ఊరి జిల్లా కమిషన్‌లోనే వేసుకోవచ్చు. సరుకుకు ఇచ్చిన ధర 5 లక్షల లోపు అయితే ఫీజు లేదు. వకీలు లేకుండా మనమే వాదించుకోవచ్చు. జరిగిన రెండేళ్లలోపు వేయాలి. ఆన్‌లైన్‌లోనే వేయడానికి ఇప్పుడు ఈ-జాగృతి అనే పోర్టల్ ఉంది. కాకపోతే ఇది సొంతానికి కొనుక్కున్నవాళ్లకు, బతుకుదెరువు కోసం స్వయంగా చేసుకునే పనికి కొన్నవాళ్లకు. నాలాగా ఒక వ్యాపారి ఇంకో వ్యాపారికి అమ్మి మునిగితే ఈ తలుపు తెరుచుకోదు. సరుకు తీసుకుని డబ్బు ఎగ్గొట్టిన చోట మాత్రం చిన్న పరిశ్రమల చట్టం కింద వేరే దారి ఉంది, సరుకు తయారు చేయించి అమ్మేవాళ్లకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉంటే 45 రోజులు దాటిన బాకీకి బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ, అదీ నెల నెలా చక్రవడ్డీ అడగొచ్చు. నా ఇంటీరియర్ మహానుభావుడు సరుకే తీసుకోలేదు కాబట్టి అదీ లేదు, అయినా ఆ మర్నాడే ఉద్యమ్ చేయించుకున్నా.

మా అమ్మది ఇంకో రకం. ఏదో జాతకాల యాప్‌లో ఒక్క రూపాయికి ట్రయల్ అంటే నొక్కింది. ఆ ఒక్క రూపాయితో పాటు నెల నెలా 499 తీసుకోవడానికి ఆటోపే అనుమతి కూడా ఇచ్చేసింది, ఆ సంగతి రూపాయి కంటే నాలుగింతలు చిన్న అక్షరాల్లో ఉంది. ఇలాంటి మాయలకు 2023 నవంబరులో కేంద్రం మార్గదర్శకాలు తెచ్చింది, 13 రకాలు పేరు పెట్టి మరీ నిషేధించింది. అందులో చేరడం తేలిక, బయటపడటం కష్టంగా చేసే సబ్‌స్క్రిప్షన్ ఉచ్చు ఒకటి. మనకు చెప్పకుండా బుట్టలో ఇంకో వస్తువు వేయడం ఒకటి. "ఇంకా రెండే మిగిలాయి, త్వరపడండి" అని అబద్ధపు తొందర పెట్టడం ఒకటి. చివర్లో ఏవో చార్జీలు కలిపి ధర పెంచడం ఒకటి. అలాగే ఆటోపే డబ్బు తీసే ముందు కనీసం 24 గంటల ముందుగా కస్టమర్‌కు కబురు పెట్టాలని రిజర్వ్ బ్యాంకు నియమం ఉంది. కబురు వచ్చింది కూడా. ఇంగ్లీషులో. మా అమ్మ దాన్ని బ్యాంకు వాళ్లు పండగ శుభాకాంక్షలు చెప్పారనుకుంది. నియమం పాటించినట్టే, మనిషికి తెలియనట్టే. ఒప్పుకోలు చెప్పే బటన్ తెలుగులో ఉండి షరతులు ఇంగ్లీషులో ఉంటే అది ఏం ఒప్పుకోలో నాకైతే అర్థం కాదు. యూపీఐ యాప్‌లో ఆటోపే అనే చోటికి పోయి రద్దు చేశాను, రెండు నిమిషాల పని, మీ ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు ఒకసారి తీసి చూడండి.

ఇవన్నీ మాట తప్పిన కేసులు. అసలు మనిషే దొంగ అయితే, దొంగ వెబ్‌సైటు అయితే, అది 1930 కేసు, అంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఆలస్యం చేయకుండా ఆ నంబరుకు కొట్టాలి. మన తప్పు లేకుండా బయటివాడి మోసంతో ఖాతాలో డబ్బు పోతే 3 పని దినాల్లోపు బ్యాంకుకు చెబితే మన మీద భారం పడకూడదని 2017లో రిజర్వ్ బ్యాంకు నియమం పెట్టింది. ఓటీపీ మనమే చెప్పేస్తే మాత్రం బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మనదే.

ఇక నా వ్యాపారం సంగతి. ఇప్పుడు ప్రతి ఆర్డర్‌కూ ఫోన్ పెట్టేసిన పది నిమిషాల్లో ఒక మెసేజ్ రాస్తున్నా. ఎవరు, ఎన్ని, ఏ సైజు, ఏ రంగు, ఒక్కోటి ఎంత, అడ్వాన్స్ ఎంత, ఏ తేదీకి పంపుతా, కిరాయి ఎవరిది, పడుగు పెట్టాక వద్దంటే అడ్వాన్స్ తిరిగి ఇవ్వను, సరుకులో లోపముంటే ఎన్ని రోజుల్లో చెప్పాలి. చాట్‌లో మాయమయ్యే సెట్టింగ్ ఉందేమో మొదటే చూసుకుంటా, పెద్ద ఆర్డరైతే అదే మెసేజ్ ఈమెయిల్‌కు కూడా పంపిస్తా. ఆర్డర్ అయ్యాక చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకుంటా. మా బాపు దీన్ని తక్‌పట్టీ అనే అంటాడు, "తక్‌పట్టీ పంపినవా?" అని అడుగుతాడు. ఒకరిద్దరు ఇంత రాత చూసి బెదిరిపోయారు కూడా. ఒకాయన "ఏం అన్నా, నమ్మకం లేదా" అని వెళ్లిపోయాడు, ఆర్డర్ పోయినందుకు బాధేసింది, కాకపోతే 17,500 పోయినప్పటంత కాదు.

నిన్న హైదరాబాద్ నుంచి ఒక మేడం 24 జంపఖానాలు అడిగారు. స్కూలుకట, పిల్లలు కింద కూర్చోవడానికి. తక్‌పట్టీ పంపాను. బొటనవేలి బొమ్మ వచ్చింది. "మేడం, ఏమీ అనుకోకుండా 24, ఎరుపు నీలం, సరే అని అక్షరాల్లో రాయగలరా" అని అడిగాను. చాలాసేపు జవాబు లేదు, పోయిందిలే అనుకున్నా. రాత్రి తొమ్మిదింటికి మెసేజ్ వచ్చింది, నేను రాసిందంతా మళ్లీ రాసి, కింద ఒక లైను కలిపారు, ఆలస్యమైతే రోజుకు 200 రూపాయలు తగ్గించాలి అని. అది నేను రాయడం మర్చిపోయిన షరతు. మర్చిపోయానో, కావాలనే వదిలేశానో నాకే తెలియదు. కాసేపు ఆలోచించి "సరే మేడం, ఒప్పుకుంటున్నా" అని అక్షరాల్లోనే రాశాను.

పొద్దున అడ్వాన్స్ పడింది. కాకాకు ఫోన్ చేస్తే ముందు ఆయనే అడిగాడు, "బిడ్డా, ఈసారి పైసలు వచ్చినయా, పడుగు పెట్టమంటవా?"